పెద్దమనిషి అంటే అడల్టా?

మా యాప్ వాడేవాళ్లలో చిన్నపిల్లలు దాదాపు లేనే లేరని తేలిన సాయంత్రం మేమిద్దరం సుబేదారిలో మిర్చి బజ్జీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం. ఆ పండగ బజ్జీలు చల్లారేదాకా కూడా నిలవలేదు. ఆ సంగతి చెప్పేముందు మేమిద్దరం ఎవరమో, ఆ యాప్ ఏమిటో చెప్పాలి.

నేను స్టీలు సామాన్లు అమ్ముతాను. వరంగల్ బజారులో మా మామగారు పెట్టిన దుకాణం. తెలుగు ఎమ్మే చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, అక్కడి ప్రిన్సిపాలుతో పొసగక బయటికొచ్చి గిన్నెల మధ్య కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. ఆయన గిరాకీతో మాట్లాడే తీరు చూస్తే ఎవరికైనా అక్కడే ఉంటుంది.

ఇక రెండో ఆమెను నేను చెల్లె అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది. మేం ఒక తల్లి పిల్లలం కాదు, ఒక మతం వాళ్లమూ కాదు. వాళ్లది హనుమకొండలో తాతల నాటి నుంచి ఉన్న ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ ఎంతో తెలుగూ అంతే. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, కూతురు పుట్టాక తిరిగొచ్చి, సుబేదారిలో ఒక మేడ మీది గది అద్దెకు తీసుకుని మొబైల్ యాప్‌లు తయారుచేస్తుంది. మొదటిసారి మా దుకాణానికి టిఫిన్ డబ్బా కొనడానికి వచ్చింది. నేను అప్పుడు సరుకు ఆలస్యంగా పంపినవాణ్ణి ఫోన్లో దులిపేస్తున్నాను. డబ్బా సంగతి మరిచిపోయి అంతా విన్నది.

ఫోన్ పెట్టేశాక, “అక్కా, మీరు తిట్టిన తిట్లల్ల ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. నాకు జర సాయం చేస్తరా?” అని అడిగింది.

ఆమె చేస్తున్నది ఆడపిల్లలు నెలసరి తేదీలు గుర్తుపెట్టుకునే యాప్. ఇంగ్లీషులో అలాంటివి బోలెడున్నాయి. తెలుగులో ఉన్నవి చూస్తే ఋతుచక్రం, ఋతుస్రావం అంటూ డాక్టర్లకే తప్ప ఇంకెవరికీ అర్థం కాని మాటలు. “నాకు మొదటిసారి అయిన్నాడు ఏదో పెద్ద రోగం వచ్చింది, ఇగ సచ్చిపోతనే అనుకున్న అక్కా. స్కూల్ల బాత్రూంల కూసొని ఏడ్సిన. గసొంటి పిల్లకు సమజయ్యేటట్టు రాయాలె” అంది. ఆ మాటతో నేను పడిపోయాను. డబ్బా ఊరికే ఇచ్చేశాను. మా ఆయన ఆ డబ్బా గురించి చాలా రోజులు అడిగాడు.

మాటలన్నీ నేను రాశాను. ముట్టయింది, బయట కూసున్న, దూరం ఉన్న అని మన ఆడవాళ్లు నిజంగా ఎట్లా అంటారో అట్లాగే. మిగతాదంతా ఆమె చేసింది. ఒక పని మొదలుపెడితే తిండి యాదికి రాని మనిషి. ఒక్క అక్షరం తెరమీద కొంచెం పక్కకు జరిగినా ఊరుకోదు. ‘క్షమించండి, తప్పు జరిగింది’ అని యాప్‌లో ఒక చోట రాస్తే, పిల్ల తనేదో తప్పు చేసిందనుకుంటుందని పట్టుబట్టి మార్పించింది. పాఠాలు చెప్పినదాన్ని నేను, నాకు తట్టలేదు. ఆమెను చూసి నాకు చాలాసార్లు అసూయ కలిగింది, దాచుకోను.

యాప్‌లో ప్రశ్నలు అడగడానికి ఒక చోటు పెట్టాం. ఆ చోటు నాది. పొద్దున దుకాణం తెరిచి అగరుబత్తి వెలిగించి, గిరాకీ మొదలయ్యేలోపు పిల్లల ప్రశ్నలకు జవాబులు రాసేదాన్ని. పరీక్ష రోజు వస్తే ఏం చేయాలి, జామకాయ తినొచ్చా, రెండు నెలలు రాకపోతే చచ్చిపోతామా. ఏటూరునాగారం వైపు ఒక హాస్టల్ పిల్లలు వార్డెన్ ఫోన్‌లోంచి అందరూ కలిసి అడిగేవారు. పరకాల వైపు నుంచి ఒక పిల్ల రాసింది నాకిప్పటికీ గుర్తుంది: “అక్కా, మా నాయినకు తెల్వద్దు. తెలిస్తే ఫ్లెక్సీ కట్టిస్తడు.”

ఆ పిల్ల భయం మన ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బిడ్డకు నూతన వస్త్రాలంకరణ అని బస్టాండు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో పట్టులంగాలో ఆ పిల్ల, చుట్టూ మేనమామలు, వార్డు మెంబర్లు. తెల్లారి బడికి పోతే మొగపిల్లలంతా చూస్తారు. ఆ ఫంక్షన్లకు పంచే స్టీలు గిన్నెలు మా దుకాణంలోనే కొంటారు కాబట్టి నేను గట్టిగా అనలేను. కానీ ఆ పిల్లకు మాత్రం, నాకు చేతనైనంత నెమ్మదిగా ధైర్యం చెప్పాను.

అంతలో కొత్త చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల వివరాలు ఏ యాప్ తీసుకోవాలన్నా ముందు తల్లో తండ్రో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది నిజంగా తల్లో తండ్రో అని రుజువుండాలి. పిల్లలు ఏం చేస్తున్నారో వెంటపడి గమనించకూడదు. అమలుకు గడువిచ్చారు గానీ, యాప్ స్టోరు వాళ్లు అప్పుడే మెయిళ్ల మీద మెయిళ్లు. మీ యాప్ ఎవరి కోసం, వాడేవాళ్ల వయసెంత, ఆ వయసు మీకెట్లా తెలుసు. బయటి దేశాల్లోనూ ఇలాంటి చట్టాలే వస్తున్నాయట. సరైన జవాబు ఇవ్వకపోతే యాప్ తీసేస్తారు. కొన్నేళ్లుగా ఆమె ప్రాణం పెట్టి చేసిన పని అది. అది పోతే ఆ హాస్టల్ పిల్లలు ఎవరిని అడుగుతారన్నది నా బాధ.

“మనం వయసు అడగనే లేదు గదనే” అన్నాను.

“అడిగినం అక్కా. మొదట్లనే అడిగినం. డేటాబేస్‌ల అడల్ట్ అని ఒక కాలమ్ ఉన్నది” అంటూ ఆమె లాప్‌టాప్ ముందుకు జరిగింది. ఏదో టైపు చేసింది. అడల్టేనా అన్నచోట దాదాపు అందరికీ అవును అని ఉంది. కాదన్నవాళ్లు ఎంతో కొద్దిమంది.

“అక్కా, మన దాంట్ల పిల్లలు లేనే లేరు! అందరు పెద్దోళ్లే!” అని కుర్చీలోంచి లేచింది. బజ్జీలు అప్పుడు తెప్పించాం.

నేను రెండో బజ్జీ కొరుకుతుండగా నా ఫోన్‌లోకి ఒక ప్రశ్న వచ్చింది. అక్కా నేను సిక్స్త్ క్లాస్, మా పీఈటీ సార్‌కు ఎట్ల చెప్పాలె, అని. ఆ పిల్ల సంగతి చూడమన్నాను. చూసింది. ఆ పిల్లకూ అడల్ట్ దగ్గర అవును అనే ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ఫోన్లో యాప్ తెరిచి, కొత్తగా చేరేవాళ్లకు మొట్టమొదట వచ్చే ప్రశ్న చదివింది. దాన్ని రాసింది నేనే.

“పెద్దమనిషి అయినవా?”

కోడ్‌లో అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు పెట్టాలి. ఆ రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు దాచే చోటుకు ఏం పేరు పెట్టాలా అని ఆలోచించి, పెద్దమనిషి అంటే అడల్టే కదా అని ఆమె అట్లా పెట్టుకుంది. తర్వాత మరిచిపోయింది. ఆరో తరగతి పిల్లలు కూడా నిజమే చెప్పారు, అందరూ అయ్యారు కాబట్టి అవును అన్నారు. కాదన్న ఆ కొద్దిమంది ముందుజాగ్రత్తగా తెలుసుకుంటున్న బుద్ధిమంతులు. మేమిద్దరం కింది ఇంటివాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగేంతగా నవ్వాం. నాకు బజ్జీ పొలమారింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ, “అల్లా, గా చట్టం రాసినోళ్లకు ఇది ఎట్ల చెప్పాల్నే అక్కా” అంది. ఆ నవ్వు అయిపోయాక అసలు చిక్కు తెలిసొచ్చింది. మనవాళ్లు పెద్దమనిషి అనే వయసుకూ చట్టం అడల్ట్ అనే వయసుకూ మధ్య కొన్నేళ్లున్నాయి. మా పిల్లలందరూ ఆ కొన్నేళ్లలోనే ఉన్నారు.

హైదరాబాద్‌లోని ఆమె పాత స్నేహితులు, వాళ్లూ యాప్‌లు చేసేవాళ్లే, ఒకటే సలహా ఇచ్చారు. పద్దెనిమిది దాటినవాళ్లకు మాత్రమే అని పైన రాసేసి చేతులు దులుపుకోమన్నారు. పిల్లలు అబద్ధపు వయసు చెప్పి లోపలికి వస్తే అది వాళ్ల ఖర్మట. చాలామంది అదే చేస్తున్నారట.

“పద్దెనిమిది నిండినంక ఈ యాప్ ఎందుకక్కా? అప్పటికి అన్ని తెలుస్తయ్. పిల్లతోని మొట్టమొదలు అబద్ధమే ఆడిపిచ్చి, తర్వాత మనం ఏం నేర్పుతం?” అంది చెల్లె.

నేను ఆ చట్టాన్నీ, దాన్ని రాసినవాళ్లనూ, వాళ్ల ముందు తరాలనూ కడిగిపారేశాను. నా తిట్లు మెచ్చి నాతో స్నేహం చేసిన మనిషే ఆ రోజు నన్ను ఆపింది.

“చట్టాన్ని తిట్టకక్కా. నీకు చెప్పలే గాని, పోయిన ఏడు ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేసిన్రు. ఏ ఊర్ల ఎంతమంది పిల్లలకు కొత్తగ మొదలైతాందో చెప్పుమన్నరు. పేర్లు వద్దు, లెక్క ఇస్తె చాలన్నరు. ప్యాడ్లు అమ్ముకుంటరట. నేను కాదన్న. నేను కాదన్న సరే, అందరు అంటరా? రేపు ఒకడు పెండ్లి సంబంధాలోడు వచ్చి అడుగుతడు. గసొంటోళ్లను ఆపెటందుకే ఈ చట్టం. మనం మంచోళ్లమని దానికెట్ల తెలుస్తది?”

పెద్ద కంపెనీకి కాదని చెప్పి, ఆ సంగతి ఇన్నాళ్లు నాతో కూడా అనకుండా ఊరుకుంది. నేనైతే బజారంతా చాటేదాన్ని. ఆ రోజు నుంచి ఆమె మీద నాకున్న ఇష్టం గౌరవంగా మారింది.

సరే, చట్టం చెప్పినట్టే చేద్దామని ఆమె తల్లిదండ్రుల అనుమతి అడిగే ఏర్పాటు తయారుచేసింది. పెద్దవాళ్ల ఆధార్ వివరాలు, ఫోన్ నంబరు, దానికొచ్చే ఓటీపీ. అందరికీ పంపేముందు ఒకరితో చేయించి చూడాలి కదా. మా దుకాణానికి పాలకుర్తి దగ్గరి ఊరి నుంచి ఒక పాత గిరాకీ వచ్చింది, నాకు బాగా తెలిసినావిడ. బిడ్డ ఫంక్షన్‌కు పంచడానికి గిన్నెలు ఏరుకుంటోంది. సంగతి చెప్తే సంతోషంగా ఒప్పుకుంది. “మా పిల్ల కూడ నేర్చుకుంటది, పెట్టియ్యి బిడ్డా” అని తన ఫోన్ పక్కనే ఉన్న చెల్లె చేతికిచ్చింది.

ఆధార్‌లో ఆవిడ పుట్టినరోజు జనవరి ఒకటి. ఆమె భర్తదీ జనవరి ఒకటే. మా వైపు ఒక వయసు దాటినవాళ్లలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు, ఆ రోజు మంత్రసానులు ఎంత పరుగులు పెట్టారో. ఆ మెట్టు దాటింది. ఆధార్‌కు జోడించిన నంబరు మాత్రం భర్తది. ఓటీపీ ఆయనకు పోయింది. ఆయన బయట ఎరువుల దుకాణం దగ్గరున్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకపోయినా మాకు వినపడింది.

“ఏందే, ఓటీపీ వచ్చింది? ఎవడన్న ఫోన్ జేసిండా? నంబర్ జెప్పినవా?”

“లేదయ్యా, గిది పిల్లది...”

“పిల్లదేంది? పిల్లకు బ్యాంకు అకౌంటు యాడిది? ఎవ్వలకు చెప్పకు! నేను వస్తాన్న, ఆడనే ఉండు!”

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు, పోలీసులు, టీవీలు అందరూ ఏళ్ల తరబడి చెప్పారు. ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు, అందులో ఆయన తప్పేం లేదు. ఆయాసపడుతూ వచ్చి దుకాణం మధ్యలో నిలబడి, మోసం ఎక్కడుందో మాకు చూపించడానికి ఆ మెసేజ్ గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. మీ కుమార్తె నెలసరి వివరాలు, అన్నదాకా చదివి ఆగిపోయాడు. దుకాణంలో ఇంకో నలుగురు గిరాకీలున్నారు. ఆయన మొహం కందిపోయింది. పక్కనున్న బిందెలు చూస్తున్నట్టు అటు తిరిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల అక్కడ లేదు, అదొక్కటే అదృష్టం.

చెల్లె ఆవిడ చేయి పట్టుకుని మాఫ్ చెయ్యమంది. వాళ్లు వెళ్లిపోయాక నా పక్కన స్టూలు మీద కూర్చుంది. “అమ్మను అడుగుతానం అనుకుంటానం అక్కా. అడుగుతాంది నాయిన సిమ్‌ను. గా ఫ్లెక్సీ పిల్ల యాదున్నదా? ఆ పిల్ల సంగతి మనమే వాళ్ల నాయినకు మెసేజ్ కొట్టి చెప్పినట్టయితది.”

నేను వదల్లేదు. పిల్ల కనీసం తల్లికి చెప్పాలి కదా అన్నాను. “చెప్పుమని అందాం. చెప్తె మంచిదని పదిసార్లు అందాం. గాని చెప్పుడు పిల్ల ఇష్టం. మనం చెప్పిపియ్యొద్దు” అంది. ఆమె గొంతు పెంచదు. పెంచకుండానే మాట తెగ్గొడుతుంది. కోపిష్టివాళ్లకు అలాంటివాళ్లతో గెలవడం చాలా కష్టం.

ఆ తర్వాత కొన్ని రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తలలో లెక్కలేవో నడుస్తున్నాయని మొహం చూస్తే తెలిసేది. ఒక మధ్యాహ్నం నన్ను కోర్టు దగ్గరున్న ఒక లాయరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. చెల్లె అడిగింది ఒకటే. “మేడం, పిల్లల వివరాలు మా దగ్గరికి రానే రాకుంటే? అన్ని వాళ్ల ఫోన్లనే ఉండి, మాకేం తెల్వకుంటే?”

లాయరమ్మ కళ్లజోడు తీసి ఆమెను చూసింది. “అట్లయితే అనుమతి బాధ నీకు లేనట్టే. కానీ నిజంగనే రావద్దు. ఒక్క పేరు, ఒక్క నంబర్ వచ్చినా మళ్ల మొదటికొస్తది. అన్ని యాప్‌లు ఇంకా ఇంకా కావాలంటయి తల్లీ, వద్దనేటోళ్లను నేను చూడలే” అంది.

బయటికొచ్చాక విషయం నాకు మెల్లగా బోధపడింది. ఏదీ రాకూడదంటే పిల్లల ప్రశ్నలు కూడా రాకూడదు. నా పొద్దుటి పని, నా హాస్టల్ పిల్లలు, అంతా పోతుంది. నాకు కడుపు మండిపోయింది. నీ యాప్ నువ్వే చూసుకో అని రోడ్డు మీదే అనేసి ఆటో ఎక్కాను. చాలా రోజులు సుబేదారి వైపు పోలేదు. దుకాణంలో కూర్చుని మా ఆయన మీద అరిచాను. ఆయన పాపం ఏం చేశాడని.

ఆమే వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను పలకరించకపోయినా చాయ్ అడిగి తెప్పించుకుని తాగింది. “అక్కా, నీ జవాబులు పోవు. అన్ని ఏరి పెట్టిన. అవే ప్రశ్నలు మల్ల మల్ల వచ్చినయ్, చూడు. నీ గొంతుతోని చెప్పు, రికార్డ్ చేసి యాప్‌ల పెడుదాం. అడిగిన పిల్ల ఎవరో మనకు తెల్వదు. గాని అడిగినదానికి నువ్వు చెప్పుతనే ఉంటవ్. రాసిన దానికన్న వింటెనే మంచిగుంటది. చదువురాని పిల్ల కూడ వింటది.”

నాకు ఏడుపొచ్చింది, కోపం నటించి ఆపుకున్నాను. దుకాణం పైనున్న గోదాములో, పాత చీరలు కిటికీలకు కట్టి, నా జవాబులన్నీ నేను చదివాను. ఎవరో కింద బిందె దించినప్పుడల్లా మోగుతుంది, మళ్లీ మొదటినుంచి. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కడుపునొప్పి గురించి చెప్పేటప్పుడు మాత్రం, “క్లాస్ చెప్పినట్టు వద్దక్కా, పక్కన కూసొని చెప్పినట్టు చెప్పు” అని ఎన్నిసార్లు చెప్పించిందో.

ఇంకో చిక్కుంది. వివరాలన్నీ ఫోన్‌లోనే ఉంటే, ఆ ఫోన్ ఇంట్లో అందరిదీ. అన్న తెరుస్తాడు, నాయిన తెరుస్తాడు. తాళం పెడితే ఏం దాచావని ఇంకా ఎక్కువ అడుగుతారు. దానికీ ఆమే దారి కనిపెట్టింది. చిన్నప్పుడు వాళ్ల గల్లీలో పక్కింటి పిల్లలతో కలిసి వాకిళ్ల ముందు ముగ్గులు వేసేదట. తేదీలు, అంకెలు, మాటలు ఏమీ లేకుండా తెర నిండా చుక్కల ముగ్గు పెట్టింది. రోజుకో చుక్క. ఆ రోజులు వస్తే చుక్కను వేలితో నొక్కితే రంగు మారుతుంది, అంతే. ఎవరు చూసినా ఆడపిల్ల ముగ్గులు నేర్చుకుంటోందనుకుంటారు. మా ఆయనకు చూపిస్తే, ఈ ముగ్గు మధ్యలో గీత తప్పింది అన్నాడు. ఆమె ఆనందం చూడాలి.

పాత వివరాలు పిల్లల ఫోన్లలోకి దించుకొమ్మని ముందే చెప్పి, గడువిచ్చి, ఒక మధ్యాహ్నం ఆమె సర్వర్‌లో ఉన్నదంతా చెరిపేసింది. నేను పక్కనే ఉన్నాను. వాడేవాళ్ల లెక్క చూపిస్తూ ఇన్నేళ్లుగా పైకి పోయిన గీతలన్నీ తెరమీదనుంచి పోయాయి. వేరేవాళ్లయితే ఒక నకలు ఎక్కడో దాచుకునేవారు. నేనే అడిగాను, ఎందుకైనా మంచిది ఒకటి పెట్టుకో అని. “ఉంచుకుంటె ఉన్నట్టేగదక్కా” అంది, అంతకంటే ఏమీ అనలేదు. యాప్ స్టోరు వాళ్లకు ఉన్నదున్నట్టు రాసి పంపింది. యాప్ నిలిచింది.

తర్వాత కొత్త కంపెనీల వాళ్ల సభ ఒకటి హనుమకొండలో జరిగితే ఆమెను పిలిచారు. వేదిక మీద ఒక పెద్దాయన, మీ యూజర్లు ఎంతమంది అని అడిగాడు. “తెల్వదు సార్” అంది. సుమారుగా అన్నాడు. “సుమారుగ కూడ తెల్వదు. తెల్వకుండనే చేసినం” అంది. హాలు నవ్వింది. వెనక వరసలో నేనొక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టాను. ఎవరు నవ్వారో వాళ్లందరినీ మనసులో గుర్తుపెట్టుకున్నాను.

చలికాలం పోయి ఎండలు మొదలయ్యాయి. ఒక శనివారం సుబేదారి గదిలో ఇద్దరం పనిచేసుకుంటున్నాం. యాప్‌లో ఏ మార్పు చేసినా ఆమె ముందు ఒక పాత ఫోన్‌లో వేసి చూస్తుంది. చుక్కలు నొక్కి, అన్నీ చెరిపి, మళ్లీ నొక్కి. ఆ ఫోన్ ఆమె సంచిలోనే గదికీ ఇంటికీ తిరుగుతుంటుంది. బడి ఒంటిపూట కాబట్టి ఆమె కూతురు కూడా అక్కడే ఉంది. ఏడో తరగతి. నన్ను పెద్దమ్మా అంటుంది. నేను తెచ్చిన సర్వపిండి తింటూ కిటికీ దగ్గర కూర్చుంది.

చెల్లె నాతో ఏదో చెబుతూ ఆ ఫోన్ తీసి, చుక్కలు చెరపబోయింది.

“అమ్మీ, ఆగు! చెరపకు!”

ఇద్దరం తిరిగి చూశాం. పిల్ల లేచి నిలబడి ఉంది.

“ఏంది బిడ్డా, ఇవి టెస్టింగ్ చుక్కలు.”

“కాదు. నావి. పోయినసారి కూడ చెరిపినవ్. మల్ల యాది చేసుకొని పెట్టుకున్న.”

చెల్లె ఫోన్ వైపు చూసింది. ఆ చుక్కలు ఆమె ఎన్నిసార్లు చూసిందో, చూసి తనే పెట్టి మరిచిపోయాననుకుందో. ఎవరు చూసినా తెలియకూడదని ఆమె వేసిన ముగ్గు అది. అందులో తన కూతురి రోజులు తనకే కనపడలేదు.

ఎప్పటినుంచి అని అడుగుతుందనుకున్నాను. నాకెందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. ఏ తల్లయినా అడుగుతుంది, నేనైతే అరిచేదాన్ని. ఆమె అడిగింది ఇది.

“కడుపు నొస్తాందా?”

“మొదటి రోజే. వేడినీళ్ల సీస పెట్టుకుంటాన్న. పెద్దమ్మ చెప్పింది గద యాప్‌ల.”

చెల్లె నా వైపు చూడలేదు. ఫోన్‌ను చున్నీ అంచుతో తుడిచి కూతురి చేతిలో పెట్టింది. “ఇగ ఇది నీ ఫోన్. నేను వేరే దాంట్ల చూసుకుంట” అని బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుంది. నల్లా తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపు కట్టలేదు.

పిల్ల నా దగ్గరికొచ్చి కూర్చుంది. “పెద్దమ్మా, అమ్మీకి కోపమొచ్చిందా?”

“కోపం కాదు బిడ్డా. ముందుగాల నువ్వు తనకు చెప్పలేదని దుఃఖమొచ్చింది. గంతే” అన్నాను. ఆ పిల్లకు అబద్ధం చెప్పాలనిపించలేదు.

పిల్ల కాసేపు చేతిలో ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. తర్వాత దాన్ని నా పక్కన పెట్టి, లేచి పోయి తలుపు మీద మెల్లగా కొట్టింది.

“అమ్మీ, తలుపు తియ్యి. చెప్త.”